డబ్బా పాలకి నా నోరు

...అది కాదు కోడలా, అక్కడ కొట్టెయ్. "స్టీఫెన్ మోసం చేశాడు" అని మొదటే రాస్తే వినేవాళ్ళు వాణ్ణి ముందే తిట్టుకుంటారు. వాడెవడో చెప్పాలి కదా ముందు. నీకు తెలిసిందే అయినా రాయి. కాయితం చదివే ఆఫీసరుకి తెలియదు.

రాయప్ప అనే నేను, నూజివీడు దగ్గర ఆరెకరాల మామిడితోట ఉన్నవాణ్ణి. మూడో తరగతి దాకా చదివాను. స్టీఫెన్ నా మేనల్లుడు, మా చెల్లెలు మరియమ్మ కొడుకు. మరియమ్మ పురిట్లోనే పోయింది. అప్పటికి మీ ఆయన పాల్ రాజు పుట్టి ఇరవై రోజులు. మీ అత్త సువార్తమ్మ ఏం చేసిందంటే, పచ్చి బాలింత, అంత దుఃఖంలో లేచి కూర్చుని, ఆ పిల్లాణ్ణి ఇలా ఇవ్వండి అంది. ఒకవైపు పాల్ రాజు, ఒకవైపు స్టీఫెన్. ఏడాదిన్నర. పోతపాలు ఒక్క పూట పట్టలేదు ఆ ఇద్దరికీ. ముందు ఎవడు ఏడిస్తే వాడికి ముందు. తన కొడుకని పాల్ రాజుని ముందు తీసుకున్నది నేను చూడలేదు.

రాశావా? నిదానంగా రాయి, నాకేం తొందర లేదు.

ఆ స్టీఫెన్ ఇప్పుడు హైదరాబాదులో టీవీ సీరియళ్ళకి మేనేజరు. షూటింగుకి ఇళ్ళూ తోటలూ మాట్లాడి పెట్టడం, భోజనాలు చూడటం, అలాంటి పని. మొన్న ఏప్రిల్లో ఫోన్ చేశాడు.

"మావయ్యా, మన తోటలో రెండు రోజులు షూటింగ్ పెట్టుకుంటాం. కాయలు చెట్టు మీద ఉండగానే కావాలి."

"కోతకొచ్చిన తోటరా. కొమ్మలు విరిగితే ఎలా?"

"నేనుంటాగా. ఒక్క కాయ రాలదు."

వచ్చారు. రెండు వ్యాన్లు, నలభైమంది. చిన్న రసాల చెట్టుకి కాయలు ఆకుల్లో దాక్కుంటాయి కదా, టీవీలో కనపడటం లేదని, బజారు నుంచి బంగినపల్లి కాయలు తెచ్చి దారాలతో వేలాడగట్టారు. నవ్వొచ్చింది నాకు. "ఒరేయ్, నూజివీడువాడు ఎవడైనా చూస్తే ఛానల్ మార్చేస్తాడు" అన్నాను. "నూజివీడువాళ్ళ కోసం కాదులే మావయ్యా" అన్నాడు స్టీఫెన్.

రెండో రోజు, తోట కాపరి ముసలాయన వేషం వెయ్యాల్సినవాడు రాలేదు. డైరెక్టరు నన్ను చూసి, ఈ పెద్దాయన ముఖం బాగుంది, ఈయన్నే కూర్చోబెట్టండి అన్నాడట. నేను వద్దన్నాను. స్టీఫెన్ బతిమాలాడు. సీన్ ఏంటంటే, ఇంట్లోంచి గెంటేసిన కోడలు పసిబిడ్డతో తోటలోకి వస్తుంది. బిడ్డ ఆకలికి ఏడుస్తుంటుంది. కాపరి ఆ పిల్లకి ధైర్యం చెబుతాడు.

"ఏం మాట్లాడాలిరా?"

"నీ ఇష్టం మావయ్యా. పిల్లల్ని మీరు ఎలా పెంచారో చెప్పు. నీ మాట స్లో కదా, గొంతు తర్వాత సరిచేసుకుంటాం. నువ్వు పెదాలు కదిపితే చాలు."

సరిచేసుకుంటాం అంటే దుమ్మూ గాలీ చప్పుళ్ళు తీసేస్తారేమో అనుకున్నాను కోడలా. నాకేం తెలుసు?

నన్ను కూర్చోబెట్టిన మంచం పక్కన స్టూలు మీద ఒక పాలడబ్బా పెట్టారు. ఒకడు ప్రతిసారీ వచ్చి దాన్ని కొంచెం కొంచెం తిప్పి పోతున్నాడు. పేరున్న వైపు కెమెరాకి ఎదురుగా ఉండాలట. మనం పెట్టెలో కాయ ఎర్రబుగ్గ పైకి వచ్చేలా తిప్పి సర్దుతామే, అచ్చం అలా. ఇదెందుకురా అని అడిగాను. "ఏదో సామానులే మావయ్యా" అన్నాడు.

ఆ అమ్మాయి చేతిలో బిడ్డ నిజం బిడ్డే, ఎవరి బిడ్డో పాపం, ఎండకి ఏడుస్తోంది. దాన్ని చూసేసరికి నాకు సువార్తమ్మ గుర్తొచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "భయపడకమ్మా, మా ఆవిడ ఒక్కతే ఇద్దరికి పాలిచ్చింది. బిడ్డని గుండెకి ఆనించుకుంటే పాలు అవే వస్తాయి. తల్లిపాలని మించింది లేదు" అన్నాను. చెబుతుంటే కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. డైరెక్టరు సూపర్ అన్నాడు. కెమెరా వెనకాల నిలబడ్డ స్టీఫెన్ కూడా జేబురుమాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ రుమాలు సంగతి వదలకుండా రాయి. వాడు విన్నాడు. ప్రతి మాటా విన్నాడు.

నువ్వు ఆ రోజు కాయల షెడ్డులో ఉన్నావు. నేనేం చెప్పానో నువ్వు వినలేదు. అది కూడా రాయి.

మే మొదట్లో, సాయంత్రం ఏడింటికి, మన హాల్లో ఇరవైమంది కూర్చున్నారు. చర్చిలోవాళ్ళు, ఎదురింటి మార్టిన్, పిల్లలూ. నా ముఖం టీవీలో కనపడగానే చప్పట్లు. తర్వాత నా నోరు తెరుచుకుంది. అందులోంచి ఎవడిదో గొంతు. ఎరువుల గురించి రేడియోలో చెప్పేవాడిలా గలగలా మాట్లాడుతున్నాడు.

"మా రోజుల్లో ఇలాంటి డబ్బా లేదమ్మా, ఉంటే మా పిల్లలు ఇంకా బలంగా ఉండేవాళ్ళు. తల్లిపాలకి ఇదేం తీసిపోదు. పెద్దవాణ్ణి చెబుతున్నాను, నమ్ము."

నా కళ్ళల్లో నీళ్ళు మాత్రం నావే. సువార్తమ్మ కోసం వచ్చిన నీళ్ళు. ఆ అమ్మాయి డబ్బా అందుకుంది, పాట మొదలైంది.

మార్టిన్ గాడు ఊరుకుంటాడా? "ఏం మావా, మామిడికాయలు మానేసి డబ్బాలు అమ్ముతున్నావా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నీ వంక చూశాను. నువ్వు నవ్వలేదు. కానీ లేయా, నువ్వూ నా వంక అదోలా చూశావు. నిజం చెప్పు. ...సరే, తల వంచుకోకు. నీ స్థానంలో నేనున్నా అలాగే చూసేవాణ్ణి.

ఇప్పుడు షాలోమి సంగతి రాయి. నీ కూతురి సంగతే అయినా, ఉన్నది ఉన్నట్టు రాయి.

నా మనవరాలు షాలోమికి విస్సన్నపేటలో అత్తగారింట్లో రెండో కాన్పు. పెద్దపిల్ల బడి ఉందని అక్కడే పురుడు పోసుకుంది. నువ్వు పది రోజులుండి, కోతలని తిరిగొచ్చావు. సీరియల్ వచ్చేనాటికి పాపకి పద్దెనిమిది రోజులు. సాయంత్రాలు ఏడుస్తోంది. పాలు చాలడం లేదు, డబ్బా తెద్దామని వాళ్ళ అత్తగారు రోజూ అంటుంటే, "మా తాతయ్య అలా చెప్పడు, మా నాయనమ్మ ఇద్దరికి ఇచ్చింది" అని ఆ పిల్ల మొండికేసి కూర్చుంది. సీరియల్ వచ్చాక ఆవిడ అంది, "చూడు, మీ తాతయ్యే చెబుతున్నాడు, ఇంకేం?" అని. మర్నాడే డబ్బా వచ్చింది.

వారం తిరక్కుండా పాపకి విరేచనాలు. నీళ్ళు సరిగ్గా కాగలేదో, సీసా కడగలేదో, నేనెవర్నీ అనను. మూడు రోజులు ఆసుపత్రి. దేవుడి దయ వల్ల నిలబడింది. ఇప్పుడు రొమ్ము పట్టడం లేదు. షాలోమికి పాలు తగ్గిపోయాయి. రోజూ ఆనించి చూడమ్మా, మళ్ళీ వస్తాయి అని నర్సమ్మ చెప్పింది. షాలోమి వినడం లేదు.

నేను వెళ్ళాను. మంచం పక్కన కూర్చున్నాను.

"అమ్మలూ, అది నా మాట కాదు."

"నీ నోరే కదా తాతయ్యా. నేను చూశాను కదా."

"గొంతు నాది కాదు తల్లీ."

"నాయనమ్మ కథ చెప్పిందీ నువ్వే. డబ్బా మంచిదని ఏడ్చి మరీ చెప్పిందీ నువ్వే. టీవీలో కనపడాలని ఏం చెప్పమంటే అది చెప్పావు. ఇప్పుడు మళ్ళీ మారుస్తున్నావు. ఏది నమ్మమంటావు చెప్పు?"

డెబ్బై నాలుగేళ్ళు వచ్చాయి నాకు. చర్చిలో పెద్దని. ఇద్దరి మధ్య గట్టు తగాదా వస్తే, రాయప్ప ఏమంటే అదే అంటారు. నా మనవరాలు గోడవైపు తిరిగి పడుకుంది.

ఇంటికొచ్చి స్టీఫెన్‌కి ఫోన్ చేశాను. 

"సీరియల్లో మాటలు ఎవరు పట్టించుకుంటారు మావయ్యా? అందరికీ డబ్బింగే. ఆ హీరోయిన్‌కి అసలు తెలుగే రాదు."

"నేను చెప్పింది మీ అత్త గురించిరా. నీ గురించి."

"నీ స్పీడులో పెడితే ఎపిసోడ్ మొత్తం నువ్వే ఉంటావు." నవ్వాడు. నేను నవ్వలేదు. "అయినా డబ్బా పేరు ఎక్కడా పలకలేదు కదా" అన్నాడు.

"పలక్కపోతే వాడు దాన్ని ఎందుకు తిప్పాడురా?"

వాడు పక్కనెవరికో భోజనాలు వడ్డించమని కేక వేశాడు.

"నేను మాట్లాడింది ఉందా, చెరిపేశారా?"

"ఉంటుంది, ఆఫీసులో."

"షాలోమికి వినిపించు. పాప రొమ్ము పట్టడం లేదు."

"బయటికిస్తే నా ఉద్యోగం ఊడుతుంది మావయ్యా."

"పోనీ, నీ నోటితో చెప్పు. మావయ్య అలా అనలేదు, మేమే మార్చాం అని ఒక్క మాట చెప్పు ఆ పిల్లకి."

"చూస్తాను" అన్నాడు. ఆ రోజు నుంచి నా ఫోన్ ఎత్తడం లేదు. ఇవాళ్టికి పదకొండు రోజులు.

ఇంక అంగన్‌వాడీ విజయలక్ష్మి టీచరమ్మ చెప్పింది రాయి. నిన్న వచ్చింది. షాలోమి వాడిన ఖాళీ డబ్బా తెప్పించుకుని, దాని మీద అక్షరాలు నాకు చదివి వినిపించింది. బిడ్డకి తల్లిపాలే శ్రేష్ఠం అని ఆ డబ్బా మీదే ఉందట! డబ్బా నిజం చెబుతోంది, నా నోరు అబద్ధం చెప్పింది.

"పసిపిల్లల పాలడబ్బాలకి మన దేశంలో ప్రకటన వెయ్యకూడదు రాయప్ప గారూ. తొంభైరెండు నుంచీ చట్టం ఉంది. తల్లిపాలకి సమానమని నమ్మించడం అసలు కుదరదు. అందుకే కథలో దూర్చారు. తల్లికి పాలు లేకపోతే, డాక్టరు చెబితే, డబ్బా పట్టొద్దని ఎవరూ అనరు. ఉన్న పాలు మాన్పించేలా చెప్పడమే తప్పు. మీరు జరిగింది రాసి సంతకం పెట్టండి, నేను పై ఆఫీసుకి పంపిస్తాను."

"మేనేజరు మా వాడమ్మా" అన్నాను.

"మనవరాలు కూడా మీదే కదండీ" అంది.

ఆవిడ వెళ్ళాక నేను అన్నం తినలేదు, నీకు తెలుసు. వాడి ఉద్యోగం పోవచ్చు. వాడికీ పిల్లలున్నారు. సువార్తమ్మ ఉంటే ఏమనేదో అని ఆలోచించాను. ఏమీ అనేది కాదు, ఏడిచే బిడ్డ ఎవరో చూసేది. ఇప్పుడు ఏడుస్తున్నది షాలోమి కూతురు.

అందుకే రాయిస్తున్నాను. ఇదంతా నా మాట, ఎవరూ నాకు చెప్పి పలికించలేదు. ఇలా తే, సంతకం పెడతాను. ఇక్కడేనా? కొంచెం వంకర పోయింది, పోనీ.

కవరు అప్పుడే అంటించకు. రేపు పొద్దున టీచరమ్మకి ఇచ్చేద్దాం, అందులో మార్పు లేదు. కానీ స్టీఫెన్ మీద నేను కాయితం పెట్టానని వాడికి ఎవడో ఆఫీసరు చెప్పకూడదు. నా దగ్గర్నుంచే తెలియాలి. పాల్ రాజు ఫోన్‌లోంచి చెయ్యి, నాదైతే ఎత్తడు. మొదటి నుంచీ చదువు, వాళ్ళమ్మ పోయిన దగ్గర్నుంచి. మధ్యలో మావయ్యని పిలువు అంటే నేను రానని చెప్పు. అయ్యాక షాలోమి నంబరు ఇవ్వు, వాడు ఆ పిల్లతో మాట్లాడినా, మాట్లాడకపోయినా సరే. ఫోన్ అందుకో లేయా, స్టీఫెన్‌కి ఇది చదివి వినిపించు.