తొట్టిలో పెట్టె

"ఇది సొరసేప. ఎవులడిగినా సొర అనే సెప్పు. బేగి కోసి ఉప్పెట్టీ," అని గోనెసంచిని పెరటి గట్టు మీద పడేసి, సోమేశ్ కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు.

సంచి పడిన చప్పుడుకే వరహాలుకి అనుమానం వచ్చింది. పెళ్ళైన మర్నాటి నుంచీ ఆమె చేతుల మీదుగా వెళ్ళని చేప లేదు. సొర ముక్క నేల మీద ఎలా పడుతుందో ఆమెకి ఒకరు చెప్పాలా! మొగుడు సముద్రం మీద, పెళ్ళాం నర్సీపట్నంలో, ఇదీ వాళ్ళ కాపురం. ఎస్.రాయవరం అవతల తీరంలో అతని పడవ ఉంటుంది. ఇక్కడ అద్దింటి పెరట్లో ఆమె సిమెంటు తొట్టి ఉంటుంది. అతను తెచ్చింది కొయ్యడం, ఉప్పునీళ్ళలో ఊరెయ్యడం, డాబా మీద ఎండబెట్టడం, కాకుల్ని తోలడం, మార్కెట్లో కూర్చుని ఏజెన్సీ కొండల నుంచి బస్సులు దిగినవాళ్ళకి అమ్మడం, ఇంటికొచ్చి అత్తగారికి వేడినీళ్ళు పెట్టడం, అంతా ఆమె పనే. ఎవరైనా అడిగితే మాత్రం సోమేశ్ "నాను వేటకెల్తానండి, మాయావిడ ఇంట్లోనే ఉంటాది" అంటాడు. ఇంట్లోనే ఉంటుందట! చీలిన వేళ్ళతో ఒక్క పూట ఆ తొట్టిలో చెయ్యి పెట్టిస్తే తెలిసొచ్చును.

ఆమె కత్తిపీట వేసుకుని సంచి విప్పింది. సొర తోలు చేత్తో నిమిరితే గరగరలాడుతుంది. ఇది నున్నగా, తడిసిన టైరులా ఉంది. మాంసం నల్లటి ఎరుపు. తోలు కింద వేలెడు మందాన కొవ్వు. ఇది చేప కాదని ఆమెకి అర్థమైపోయింది. అయినా పొట్ట వైపు ముక్క తీసి కత్తికి ఆనించింది. తెల్లగా, చిక్కగా ఏదో బయటికొచ్చి మణికట్టు మీంచి మోచేతి దాకా కారింది. ముందు చీము అనుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. చీము కాదు, పాలు.

"మావా, ఇది డాల్ఫిన్ కదేటి? పాలున్నాయి మావా దీనికి."

సోమేశ్ మెట్టు మీద కూర్చుని టీ తాగుతూ, నిన్న చూసిన సినిమా చెప్పినట్టు చెప్పుకొచ్చాడు. "దాని ఈపు మీద ఏదో పెట్టుంది. ఆ పెట్టికున్న తీగ వలకి సుట్టుకుపోనాది. ఒగ్గీమంటే ఒగ్గదు, వలంతా సింపేత్తంది. తెడ్డెట్టి తల మీద ఒకటిచ్చాను. సావదే! మనిసి మూలిగినట్టు మూలుగుతాదే అది. మల్లా ఇచ్చాను. కన్ను బయటికొచ్చీసింది. పిల్లొకటి సుట్టూరా తిరిగి కీసుకీసుమని ఒకటే గోల. దానికీ ఒకటిచ్చాను గానీ తప్పించుకుపోనాది." చెప్పి నవ్వాడు. గ్లాసు అడుగున మిగిలిన టీ పారబోసి మళ్ళీ నవ్వాడు.

"పిల్ల సూత్తుండగా నీకు సేతులెలాగొచ్చినాయి మావా?"

ఆ మాట అనాలని ఆమె అనుకోలేదు, దానంతటదే వచ్చేసింది. సోమేశ్ లేచి వచ్చి చెయ్యి తిప్పి కొట్టాడు. ఉంగరం తగిలి పెదవి చిట్లింది. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. "సొర అన్నానా? సొర. బాలింతలకి పాలు పడతాయని ఏజెన్సీవోల్లు ఎగబడి కొంటారు. అలాగే సెప్పి అమ్ము."

పాలిచ్చే తల్లిని చంపి, ఆ మాంసాన్ని పాలు పడతాయని బాలింతలకి అమ్మాలి! అయినా కోసింది. కొయ్యక ఏం చేస్తుంది? చిట్లిన పెదవి చప్పరిస్తూ సంచి మొత్తం కోసింది, ఉప్పు పట్టించింది, తొట్టిలో సర్దింది. సంచి అడుగున వీపు రెక్క మిగిలింది. దానికి బోల్టులతో బిగించిన పిడికిలంత పెట్టె, పెట్టెకి సన్నటి తీగ. సోమేశ్ రెక్క చీల్చి పెట్టె పీకి, రుబ్బురోలు పొత్రంతో బాదాడు. అది పగలలేదు. అటూ ఇటూ చూసి ఉప్పునీళ్ళ తొట్టిలో, ముక్కల అడుగుకి తోసేశాడు. "ఇందులో ఎవుడు సెయ్యెడతాడు, నువ్వు తప్ప," అన్నాడు.

ఆ పాల వాసన మాత్రం ఆమె చేతుల్ని వదల్లేదు. సబ్బుతో తోమింది, చింతపండుతో తోమింది. అది నిజంగా చేతుల్లో ఉందో, లేక పాత వాసనే లోపల్నుంచి లేచిందో ఆమెకి తెలియలేదు. వరహాలుకీ ఒకసారి పాలు పడ్డాయి. తాగే బిడ్డే లేదు. ఏడో నెల దాటాక, అన్నంలో రాయి తగిలిందని సోమేశ్ ఇదే తొట్టి దగ్గర పొట్టలో తన్నాడు. ఆస్పత్రిలో డాక్టరు "ఎలా తగిలింది?" అని వరహాలుని అడిగితే, వెనకనుంచి అత్తగారు అప్పయ్యమ్మ జవాబిచ్చింది. "తొట్టి కాడ జారిపడిందండి. దీనికి ఒల్లు మీద తెలివుండదు." డాక్టరు మళ్ళీ వరహాలు వైపే చూసింది. పాపం, మంచి మనిషే, కాసేపు ఆగింది కూడా. వరహాలు గోడకేసి చూస్తూ "జారిపడ్డానండి" అంది. కాగితం మీద అదే ఎక్కింది. ఇంటికొచ్చిన తర్వాత రొమ్ములు రాళ్ళలా గట్టిపడి జ్వరం వస్తే, అప్పయ్యమ్మ పాలు ఇంకిపోవడానికి మల్లెపూలు పెట్టి పాతచీరతో బిగించి కట్టి, "ఏడవకే, ఈదిలోవోల్లింటారు" అంది. అప్పటినుంచీ మార్కెట్లో మల్లెపూల బుట్ట పక్కన ఎవరు కూర్చున్నా వరహాలు చోటు మార్చేసుకుంటుంది.

రెండ్రోజుల తర్వాత మార్కెట్లోకి ఒకమ్మాయి వచ్చింది. జీన్సు ప్యాంటు, మెడలో గుర్తింపు కార్డు. పక్కన ఖాకీ బట్టల్లో ఫారెస్టు గార్డు కొండన్న. ఆ కొండన్న వరహాలు దగ్గర ఎండునెత్తళ్ళు కొనే మనిషే. ఆ అమ్మాయి ప్రతి దుకాణం ముందూ ఆగి ఫోన్లో ఒక బొమ్మ చూపిస్తోంది. వరహాలు దగ్గరికొచ్చి చతికిలబడి కూర్చుని, "నా పేరు శ్రీదుర్గ అమ్మా, విశాఖపట్నం నుంచి వచ్చాను. ఇలాంటి పెట్టె ఎక్కడైనా చూశారా?" అని అడిగింది.

అదే పెట్టె. వరహాలు తల అడ్డంగా ఊపింది. ఊపి ఊరుకోకుండా, "ఏటండి అది?" అంది.

"డాల్ఫిన్ వీపు రెక్కకి పెడతాం. అది లోతుకి వెళ్ళినప్పుడల్లా నీళ్ళ వేడి, ఉప్పదనం కొలిచి దాచుకుంటుంది. గాలి పీల్చడానికి పైకి తేలినప్పుడు ఉపగ్రహానికి చెబుతుంది. తుఫాను ముందు సముద్రం లోపల ఎలా ఉందో మనకెలా తెలుస్తుంది? మా పడవలు వెళ్ళలేని చోటికి అవి వెళతాయి." శ్రీదుర్గ ఫోన్లో దారి గీత ఒకటి చూపించింది. "మా డాల్ఫిన్ తీరం దాటి, రోడ్డు పట్టుకుని నర్సీపట్నం వచ్చిందమ్మా. డాల్ఫిన్ బస్సెక్కదు కదా! ఇక్కడి అబీద్ సెంటర్ దాటాక మాట ఆగిపోయింది."

"ఎందుకాగిపోతాదండి? పగిలిపోతేనా?"

"అంత తేలిగ్గా పగలదు. ఉప్పునీళ్ళలో మునిగి ఉంటే మాట్లాడదు. బయటికొచ్చి, ఆరి, నెత్తిన ఆకాశం కనిపిస్తేనే మాట్లాడుతుంది. అలాగే తయారుచేశాం."

వరహాలు చేతిలోని ఎండుచేప తోక విరిగింది. తొట్టి కళ్ళముందు కనిపించింది. "అంత పని సేత్తాదా అది! దానికేటిత్తారండి మీరు?"

శ్రీదుర్గ ఫోన్ ఆర్పేసింది. "ఏమీ ఇవ్వం అమ్మా. దాన్ని అడగం కూడా. బహుశా మా తీగ వల్లే వలకి చిక్కుకుని ఉంటుంది. నాకు నిద్ర పట్టడం లేదు. దానికి పిల్ల ఉంది." ఆమె తల ఎత్తి వరహాలు మొహం పరీక్షగా చూసింది. "మీ పెదవికేమైంది?"

"జారిపడ్డానండి," అంది వరహాలు. తడుముకోలేదు. పేరడిగితే చెప్పినంత సులువుగా చెప్పింది. కొండన్న తల పక్కకి తిప్పుకున్నాడు.

ఇంటికి చేరేసరికి కబురు ముందే చేరిపోయింది. మార్కెట్లో ఫారెస్టోళ్ళు నీ పెళ్ళాంతో మాట్లాడారని ఎవడో ఫోన్ చేశాడు. సోమేశ్ తలుపు గడియ పెట్టి, జుట్టు చేతికి చుట్టుకుని పెరట్లోకి ఈడ్చుకుపోయాడు. "ఏటి సెప్పినావే? సెప్పు!" చెప్పేదాకా ఆగితే కదా. మెడ పట్టుకుని తొట్టిలో ముంచాడు. ఉప్పు చిట్లిన పెదవిలోకి, కళ్ళలోకి, ముక్కులోకి పోయింది. నిప్పుల్లో మొహం పెట్టినట్టు మండింది. అరవబోతే నోట్లోకి ఆ నీళ్ళే పోయాయి. పైకి లాగి మళ్ళీ ముంచాడు. చేతులు కొట్టుకుంటుంటే, మాంసం ముక్కల అడుగున వేళ్ళకి ఆ పెట్టె తగిలింది. గట్టిగా పట్టుకుంది. పట్టుకోవడానికి అక్కడ అదొక్కటే దొరికింది.

"ఒగ్గీరా బాబూ, సత్తే ఇంకో తలనొప్పి," అంది అప్పయ్యమ్మ, వత్తులు చేసుకుంటున్న చోటునుంచి లేవకుండానే.

వదిలేశాడు. వరహాలు గట్టు మీద పడి ఉప్పునీళ్ళు కక్కుకుంది. కక్కుతుంటే తల్లీకొడుకులిద్దరూ ఆమె ముందే కూర్చుని తీరిగ్గా ఆలోచన చేశారు. డాల్ఫిన్‌ని చంపితే జైలట. ఫారెస్టోళ్ళు ఎలాగూ వస్తారు. వస్తే, సంతలో ఎవడో అమ్మితే సొర అనుకుని నేనే కొన్నాను, నేనే కోశాను, మా ఆయనకి తెలియదు అని వరహాలు ఒప్పేసుకోవాలి. అప్పయ్యమ్మ కోడలి వీపు రాసింది కూడా. "ఆడదానివి, ఏడిత్తే ఒగ్గేత్తారే. మగోడు జైలుకెల్తే వేట ఆగిపోద్ది. నువ్వెల్తే ఏటాగిపోద్ది?"

తన్నులు వరహాలుకి కొత్త కాదు. ముంచడం కొత్త, అయినా దాన్నీ ఓర్చుకునేదేమో. ఈ మాటే ఓర్చుకోలేకపోయింది. నువ్వెళితే ఏం ఆగిపోతుంది? తెల్లారి లేచి ముగ్గుచిప్ప పట్టుకుంటే అదే మాట. కుళాయి దగ్గర బిందె పెడితే అదే. అతను పట్టిన చేపని పట్టినట్టు వదిలేస్తే సాయంత్రానికి కుళ్ళి కంపు కొడుతుంది. దాన్ని తిండిగా మార్చింది ఎవరు? ఈ పొయ్యి ఎవరు వెలిగిస్తే వెలిగింది? ఈ ముసలావిడ మోకాళ్ళకి నూనె ఎవరు రాస్తే ఆవిడ లేచి నడిచి ఈ మాట అనగలిగింది? ఇన్నాళ్ళూ ఆ ఇల్లు ఆమె నడుం మీద తిరిగింది, అది తిరుగుతోందని ఒక్కరికీ తెలియలేదు. వరహాలుకి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎంత కోపమంటే కత్తిపీట వైపు చూసింది. చాలాసేపు చూసింది. దాన్ని వాడే చెయ్యి తనది. ఎక్కడ తెగితే ఎంత రక్తం వస్తుందో ఆ చేతికి తెలుసు. లోపలి గదిలో సోమేశ్ నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఆ తెడ్డు కళ్ళముందు ఆడింది, బయటికొచ్చిన కన్ను ఆడింది. ఆమె లేచి కత్తిపీటని తిరగేసి గోడకి ఆనించింది. తర్వాత తొట్టిలో భుజం దాకా చెయ్యి పెట్టి పెట్టె పైకి తీసింది.

కుళాయి కింద మంచినీళ్ళతో కడిగింది. కొంగుతో తుడిచింది, తీగ మొదట్లో తడి లేకుండా ఊది ఊది తుడిచింది. డాబా ఎక్కి, ఎండబెట్టిన చేపలకి దూరంగా, పిట్టగోడ మీద పెట్టింది. పక్కన కూర్చుంది. పెట్టె మీద దీపం వెలగలేదు, చప్పుడు రాలేదు. పొత్రం దెబ్బకి చచ్చిపోయిందేమో అనుకుంది. అయినా లేవలేదు.

"వరాలూ, కాఫీ ఏదే?" అని అప్పయ్యమ్మ కేక. జవాబు లేదు. "నీల్లు కాగినాయేటి?" లేదు. ఎండెక్కింది. "ఓలి దీని ఇల్లు కూలా, తొట్టి కాడ ఈగలు ముసురుతున్నాయే!" ముసరనీ. కాకులొచ్చి చేపల మీద వాలాయి. ఆమె చేయి కూడా ఎత్తలేదు. కింద సోమేశ్ లేచి బూతులు తిడుతూ, మెట్లకేసి వస్తూ, చొక్కా తొడుక్కుంటున్నాడు. అతను రెండో మెట్టు మీద ఉండగా వీధిలో జీపు ఆగింది.

సోమేశ్ మొహం చిటికెలో మారిపోయింది. "రండి మేడం గారూ, రండి. మా ఆడదానికి బుర్ర తక్కువండి. సంతలో ఎవడో సొరని సెప్పి అంటగట్టేడు, కొనీసింది. అదే సెప్తాది మీకు." వరహాలు పెట్టె పట్టుకుని దిగింది. దిగుతుంటేనే అతను పక్కన చేరి, నవ్వుతూ, ఆమె మోచేతి పైన కండని గోళ్ళతో గిచ్చి పట్టుకున్నాడు. "సెప్పవే."

శ్రీదుర్గ పెట్టె అందుకుంది. "ఎవరు చంపారమ్మా?"

"ఈయనండి," అంది వరహాలు. "తెడ్డుతో. పిల్ల సూత్తుండగా. పెట్టి ఇన్నాల్లూ ఉప్పు తొట్టిలో ఉందండి, మాంసం ఇంకా అందులోనే ఉంది."

సోమేశ్ చెయ్యి లేచింది. ఎవరున్నారో కూడా చూసుకోలేదు, అంత అలవాటు ఆ చేతికి. కొండన్న దాన్ని గాల్లోనే పట్టుకుని వెనక్కి విరిచాడు. అప్పయ్యమ్మ గుమ్మంలో కూలబడి "ఓలమ్మో, కొంప ముంచీసిందిరో!" అని రాగం అందుకుంది. డ్రైవరు వచ్చి సోమేశ్‌ని పట్టుకున్నాక, కొండన్న జేబులోంచి కాగితాలు తీసి, ఆయాసపడుతూనే వరహాలు చెప్పింది రాయడం మొదలుపెట్టాడు.

వరహాలు అతని పెన్ను వైపు చూస్తూ నిలబడింది. చెవులు ఇంకా ఉప్పుతో దిమ్మెక్కే ఉన్నాయి. గొంతు సవరించుకుంది.

"బాబూ, ఇంకోటి కూడా రాసుకోండి. మార్కెట్లో మేడం గారికి అబద్ధం సెప్పేను. అంతకుముందు ఆస్పత్రిలో డాక్టరమ్మకీ సెప్పేను, నా కడుపు పోయినప్పుడు. నాను ఎప్పుడూ జారిపడలేదండి."