మంగయ్య సార్ సైకిల్ పందెం

జనవరి చివరి ఆదివారం వచ్చిందంటే మిర్యాలగూడలో రైసు మిల్లుల వీధి తెల్లవారకముందే నిండిపోయేది. ఉడికిన వడ్ల వాసన, చలి, సైకిల్ గంటల మోత. అక్కడ బయలుదేరిన పందెం మూసీ వంతెన దాటి, నేరేడుచర్ల, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ చేరేది. దారి పొడవునా నాట్లు వేసే ఆడవాళ్లు నడుమెత్తి నిలబడి, తమ ఊరివాడు కనపడితే బురద చేతులు ఊపి కేకలు పెట్టేవాళ్లు.

పందెం పెట్టింది మంగయ్య సార్. వ్యాయామం నేర్పే పంతులుగా రిటైరై, మిల్లుల చుట్టూ తిరిగి చందాలు పోగుచేసేవాడు. బహుమతి పెద్దది కావడంతో బెజవాడ నుంచి, హైదరాబాద్ నుంచి కూడా వచ్చేవాళ్లు. పందేల మీదే బతికేవాళ్లు వాళ్లు. వాళ్లతోపాటే దమ్ము పెంచే బిళ్లలూ సూదులూ వచ్చాయి.

2001లో సూర్యాపేట కుర్రాడు బుజ్జి అందరికంటే ముందు హుజూర్‌నగర్ దాటాడు. దాటాక సైకిల్ మీదనే ఒరిగిపోయాడు. జేబులో బిళ్లల పొట్లం దొరికింది. దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది.

మరుసటి ఏడు పందెం లేదు. ఆ పైఏడు మంగయ్య సార్ కొత్త పద్ధతితో వచ్చాడు. ముగ్గురేసి ఒక జట్టు. మొదటి బహుమతి ఎప్పటిలాగే గెలిచినవాళ్లది. దానికి తోడు, బిళ్లా సూదీ ముట్టకుండా పందెం పూర్తిచేసిన ప్రతి జట్టు పేరా పోస్టాఫీసులో కొంత డబ్బు వేస్తారు. మూడేళ్లయ్యాక ముగ్గురూ తీసుకోవచ్చు. ఏటా చీటీ తీసి ఒక జట్టు మూత్రం హైదరాబాద్ ల్యాబ్‌కు పంపుతారు. ముగ్గురిలో ఒక్కడు దొరికినా ముగ్గురి డబ్బూ పోయినట్టే.

"ఓడినోనికి గూడ పైసలిచ్చుడేంది సార్?" అన్నాడు ఒక మిల్లు యజమాని.

"గెలిచినోనికే ఇస్తమంటిమి. బుజ్జి పాణం మీదికి తెచ్చుకున్నడు," అన్నాడు మంగయ్య సార్. మిల్లు యజమాని చందా పుస్తకం అందుకున్నాడు.

నిడమనూరు దగ్గరి తండా నుంచి హరిలాల్, నడిగూడెంలో గొర్లు కాసే ఇంటి శ్రీహరి, కోదాడలో వెల్డింగ్ పనిచేసే యోహాను ఒక జట్టయ్యారు. మొదటి రెండేళ్లూ మూడో స్థానం, రెండో స్థానం. మూడో ఏడు గెలుపు వాళ్లదేనని కోదాడంతా అనుకుంది.

కానీ ఆ పందేనికి ముందటి వానకాలంలో రోగమొచ్చి శ్రీహరి మందలో సగానికి పైగా గొర్లు చచ్చిపోయాయి. మొదటి బహుమతి వస్తే మళ్లీ మంద కట్టుకోవచ్చని ఆశపడ్డాడు. ఒళ్లు తెలియకుండా సాధన చేసి మోకాలు పాడుచేసుకున్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పందెం రోజు పొద్దున, అందరూ దిగిన బడి వెనక నీళ్లు పట్టుకోవడానికి పోయిన హరిలాల్‌కు శ్రీహరి గోడకు ఆనుకొని కూర్చుని కనిపించాడు. లాగు పైకి మడిచి ఉంది. చేతిలో సూది.

"ఏం జేస్తున్నవ్‌రా?"

శ్రీహరి ఉలిక్కిపడ్డాడు. "మోకాలు నొస్తంది. ఇదేసుకుంటే నొప్పి తెల్వదట, దమ్ము గూడ వస్తదట."

"మా పైసలు గూడ ముంచుతవా?"

"చీటీ మనకే వస్తదా ఏంది?" అన్నాడు శ్రీహరి. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "గంతేనా హరీ? పైసల కోసమేనా నీ బాధ?"

జట్లు పెట్టకముందు ఎవడేం మింగినా పక్కవాడు మొహం తిప్పుకొనేవాడు. అడగడానికి నువ్వెవరంటారని భయం. ఇప్పుడు డబ్బు పేరు చెప్పి అడిగే హక్కు హరిలాల్‌కు దొరికింది. కానీ అడిగాక తెలిసింది, మాట డబ్బు దగ్గర ఆగదని.

"కాదురా," అన్నాడు హరిలాల్. "బుజ్జిని మోసిన నలుగుర్ల నేనొకన్ని. నిన్ను మొయ్యలేను."

మాటలు విని వచ్చిన యోహాను సూది వంక చూసి, "నువ్వది వేసుకుంటే నేను సైకిలెక్కను. ఓడిపోతే పోదాం, ఏమవుతుంది?" అన్నాడు.

శ్రీహరి సూదిని యోహాను చేతిలో పెట్టి, మోకాలికి గుడ్డ కట్టమన్నాడు.

మూసీ వంతెన దాకా వాళ్లే ముందున్నారు. నేరేడుచర్లలో వెనకబడ్డారు. హుజూర్‌నగర్ దాటాక శ్రీహరి కాలు మడవడమే కష్టమైంది. "మీరు పోండ్రి!" అని అరిచాడు. వాళ్లు పోలేదు. చెరోపక్క చేరి, ఒకరి తర్వాత ఒకరు అతని వీపు మీద చెయ్యి వేసి నెట్టుకుంటూ నడిపారు. నాట్లు వేసే ఆడవాళ్లు నవ్వారు. తర్వాత నవ్వడం మాని చూశారు.

కోదాడ చేరేసరికి షామియానా విప్పుతున్నారు. మంగయ్య సార్ ఒక్కడే ఎండలో నిలబడి ఉన్నాడు. పరుగున వచ్చి శ్రీహరి ఛాతీ మీద అరచెయ్యి పెట్టాడు.

"గుండె ఎట్లున్నది బిడ్డా?"

"మోకాలు ఖతమైంది సార్. గుండె మంచిగనే ఉంది."

ముసలాయన ఆ చెయ్యి చాలాసేపటిదాకా తీయలేదు.

ఆ ఏడు చీటీ వేరే జట్టుకు వచ్చింది. ఆ సాయంత్రం హోటల్లో చాయ్ తాగుతూ శ్రీహరి అన్నాడు, "సూసినవా? ఏసుకున్నా దొరకకపోదుము."

"అవు. గెలుద్దుము గూడ," అన్నాడు హరిలాల్.

యోహాను ఇంకో ప్లేటు మిర్చి బజ్జీ చెప్పాడు.

పోస్టాఫీసు డబ్బు ముగ్గురికీ వచ్చింది. శ్రీహరి కొన్న గొర్లు పోయినవాటిలో పావు వంతు కూడా కావు. అయినా మంద మొదలైంది. కాలు మాత్రం మళ్లీ తిన్నగా కాలేదు. కొన్నేళ్లకు మంగయ్య సార్ పోయాడు, పందెమూ పోయింది. ఆ జనవరి ఆదివారాలను తలుచుకునేవాళ్లు ఇప్పటికీ కోదాడలో ఉన్నారు.

2014 నాటికి హరిలాల్ అదే దారిలో బస్సు నడుపుతున్నాడు. శ్రీహరి సంతకు పోయినప్పుడల్లా ఆ బస్సు కోసమే ఆగి, ఎక్కి, డ్రైవర్ వెనక సీట్లో కాలు చాపుకొని కూర్చునేవాడు.

"జర గట్టిగ తొక్కు హరీ, ఎనకోళ్లు వస్తున్నరు," అనేవాడు.

ఖాళీ రోడ్డు కనిపించే అద్దంలోకి చూసి, హరిలాల్ నిజంగానే కొంచెం వేగం పెంచేవాడు.