తలుపులు మావి

ఇస్త్రీ పిన్ని బల్లని వాళ్లు వీధిలోకి విసిరేసిన రోజు నుంచి మొదలుపెడతాను. షిఫ్టు దిగి వచ్చినవాళ్లూ, కాలేజీ నుంచి వచ్చినవాళ్లూ దగ్గరికి జరగండి. నాకు మైకు లేదు, గొంతుంది.

మాది మిల్లు వెనక మూడంతస్తుల పాత బిల్డింగు. నేను బట్టల ఫ్యాక్టరీలో కుడతాను, మొదటి అంతస్తులో ఉంటాను. కింది గది పిన్నిది. మా అమ్మకేం చెల్లెలు కాదు, బిల్డింగు మొత్తానికీ పిన్నే. ఆ పొద్దున ఓనరు తరఫు ఏజెంటు ఇద్దరు మనుషుల్ని వెంటేసుకొచ్చి, ఆమె బల్లనీ, మడతపెట్టిన బట్టల్నీ, వేడివేడి ఇస్త్రీ పెట్టెనీ వీధిలో పడేయించాడు.

"ఏంట్రా ఇది? అద్దె ఎగ్గొట్టానా నేను?" అని లేచింది పిన్ని.

"గంటసేపు ఓపిక పట్టమ్మా. కొనేవాళ్లొస్తున్నారు. గది ఖాళీగా కనపడాలి."

వ్యానులోంచి దిగారు కొనేవాళ్లు. పెద్ద దొరలేం కాదు. ఒక టీచరమ్మ, ఒక మందుల షాపాయన, కొత్తగా పెళ్లయిన జంట, అలాంటివాళ్లే. మొదటిసారి ఆస్తి కొనేవాళ్లకి ఈ ఏజెంటు క్లాసులు చెబుతాడట. ఆ రోజు క్లాసు మా గుమ్మంలోనే పెట్టాడు.

"మొదటి పెట్టుబడికి కొత్త ఫ్లాటు జోలికి పోకండి. ఇలాంటి పాతదే మంచిది. వాటాలుగా రాసిస్తాం. లోపలున్నవాళ్ల గురించి బెంగ వద్దు, ఖాళీ చేయించే పూచీ నాది. రంగేయించి కొత్తవాళ్లని పెట్టారంటే అద్దె ఎక్కడికో వెళ్తుంది."

మేము పక్కనే నిలబడి ఉన్నాం. మాకు చెవులున్నాయన్న అనుమానమైనా రాలేదు వాడికి.

"బిల్డింగు గట్టిదేనా అండీ?" అనడిగింది టీచరమ్మ. సరిగ్గా అప్పుడు మెట్లు దిగొచ్చాడు మా తాపీమేస్త్రి.

"గట్టిదా అంటారేంటమ్మా! ఈ పిల్లరు చూడండి. పగుళ్లిస్తే నేనే చెక్కి, ఇనుము మార్చి మళ్లీ పోశాను. ఓనరు ఒక్క మేకు కొట్టించాడంటే ఒట్టు! నీళ్ల మోటారు మా ప్లంబరు బిగించాడు. ఈ రెయిలింగు వెల్డింగు తమ్ముడిది. తలుపులు ఎవరివి వాళ్లే చేయించుకున్నారు. ఇంకో తరం దాకా చెక్కు చెదరదు, రాసిస్తా!"

పిచ్చి మారాజు! తాను కట్టిన ఇంట్లోకి మేస్త్రిని మళ్లీ ఎవరు రానిస్తారు? పనైపోయిన మర్నాటి నుంచి గేటు బయటే. అలాంటివాడిని ఒక మనిషి గౌరవంగా అడిగేసరికి ఉప్పొంగిపోయాడు. మూడంతస్తులూ తిప్పి చూపించాడు. ఏజెంటు మొహం వెలిగిపోయింది. మర్నాడు ధర పెరిగింది, ప్రతి తలుపుకీ నోటీసు అంటుకుంది. నెలాఖరుకల్లా ఖాళీ చేయాలట.

సాయంత్రం అందరం మెట్ల మీద చేరాం. ప్లంబరు ఒంటికాలి మీద లేచాడు.

"నీ నోరు పడిపోనూ! మన కొంప మనమే అమ్మిపెట్టినట్టు చేశావు కదరా!"

మేస్త్రి తలెత్తలేదు.

"పోయి ఓనరు కాళ్లు పట్టుకుందాం," అన్నాడు లారీ డ్రైవరు.

"పైకప్పు కారినప్పుడు పట్టుకోలేదా ఆ కాళ్లు? ఏం ఒరిగింది?" అన్నాను నేను. నాకు ఒళ్లు మండిపోతోంది.

"కోర్టుకెళ్దాం."

"వెళ్దాం. కానీ అది తేలేలోపు మన సామాను వీధిలో ఉంటుంది."

అందరూ ఒకేసారి అరుస్తున్నారు. ఆ గోలలో పిన్ని గొంతు లేచింది. "నన్ను వెళ్లగొడితే నా తలుపు కూడా పీక్కుపోతా! అది మా ఆయన చేత్తో చేసింది. వాడికెందుకు వదలాలి?"

నవ్వాం. నవ్వుతూనే ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం.

"అయితే ఈ రెయిలింగు నాదే కదా పిన్నీ?" అన్నాడు వెల్డింగు తమ్ముడు.

"తలుపుల్లేని ఇంట్లో ఆడపిల్లల్ని పెట్టుకుని రాత్రిళ్లు ఎలా ఉంటామయ్యా?" అని డ్రైవరు భార్య గదమాయించింది.

అప్పుడు తలెత్తాడు మేస్త్రి. "పోవడానికి కాదమ్మా తీసేది. కొనేవాళ్ల కళ్లముందు తీద్దాం. ఇందులో ఓనరుదెంతో, మనదెంతో చూసుకోనీ. వాళ్లు పోయాక మళ్లీ బిగించుకుందాం. చూపించి చెడగొట్టాను. చూపించే బాగుచేస్తాను."

బేరం ఖాయం చేసే రోజు వ్యాను మళ్లీ వచ్చింది. ఏజెంటు నోరు తెరిచేలోపే పైఅంతస్తులో సుత్తి మోగింది. తర్వాత అన్ని అంతస్తుల్లోనూ మోగింది. తలుపులు ఊడాయి, కిటికీ రెక్కలు ఊడాయి. ప్లంబరు మోటారు విప్పి భుజానికెత్తుకున్నాడు. వెల్డింగు తమ్ముడు రెయిలింగు కోసి దించాడు. నేను మా తలుపుని వీపున మోసుకుంటూ గోడ పట్టుకుని దిగాను. అన్నీ తెచ్చి వీధిలో వరసగా నిలబెట్టాం.

"దొంగల్లారా! ఓనరు ఆస్తిరా అది!" అని గంతులేశాడు ఏజెంటు.

"ఓనరు ఆస్తి అదిగో," అని బోసిపోయిన బిల్డింగుని చూపించాడు మేస్త్రి. "పిల్లరొక్కటీ వదిలేశాం తల్లీ. అదీ మాదే, కానీ తీస్తే పైఅంతస్తులు కూలిపోతాయి."

టీచరమ్మ తెల్లబోయి చూసింది. "మరి నాకు అమ్ముతున్నదేంటి?"

"మమ్మల్ని వెళ్లగొట్టే హక్కు," అంది పిన్ని. "కొంటావా అమ్మా?"

టీచరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "మేమూ అద్దెకే ఉంటాం పిన్నిగారూ. ఎప్పుడు పొమ్మంటారోనని ఆ భయంతోనే ఇలా వచ్చాను," అంది. బేరం కాగితాల ఫైలు ఏజెంటు చేతిలో పెట్టి నడిచి వెళ్లిపోయింది. ఆమె వెనకే మిగతావాళ్లూ జారుకున్నారు.

గంట తిరక్కుండా పోలీసులొచ్చారు. ఓనరు సొమ్ము ఊడబెరికాడని మేస్త్రిని ఒక్కడినే జీపెక్కించారు. ఒక్కడిని పట్టుకెళితే మిగతావాళ్లం మూల కూర్చుని ఏడుస్తామని లెక్క!

పిన్ని తన తలుపు పట్టుకుని లేపబోయింది. "ఆ చివర పట్టవే అమ్మాయ్," అంది నాతో.

అంతే. మా వీధిలోంచి తలుపులు బయల్దేరాయి. నెత్తి మీద కొన్ని, ఇద్దరిద్దరి చేతుల్లో కొన్ని. మిల్లు షిఫ్టు వదిలే వేళ అది. ఏంటిదని అడిగినవాళ్లు విషయం విని ఓ చెయ్యి వేశారు. స్టేషను ఆవరణలో గోడ పొడుగునా, మెట్ల మీదా, జీపు చుట్టూ తలుపులు చేరేశాం.

"ఎవరివి ఇవన్నీ?" అని అరిచాడు ఇన్‌స్పెక్టరు.

"దొంగసొమ్ము సార్! నాది రాసుకోండి!" అన్నాను.

"నాదీ!" "నాదీ!" "ముందు నాది రాయండి, తలుపుతో పాటు చట్రం కూడా తెచ్చాను!"

లోపలి నుంచి మేస్త్రి కేక వినపడింది. "ఒరే ప్లంబరూ, మోటారు ఎండలో పెట్టకురా!"

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. వాడిని ఆ రోజు వదల్లేదు, ఇప్పటికీ వదల్లేదు. మేమూ ఈ స్టేషను దగ్గర నుంచి కదల్లేదు. ఇన్‌స్పెక్టరు మమ్మల్ని బయటికి నెట్టి గేటు మూయమన్నాడు. తలుపులు అడ్డొచ్చి గేటు పడలేదు.

అప్పుడే జనాన్ని తోసుకుంటూ టీచరమ్మ వచ్చింది. గ్రీజు మరకలైన చేతుల్తో ఒక నీళ్ల మోటారుని మోస్తోంది. ఆమె వెనక నేనెప్పుడూ చూడని మనుషులు, వాళ్ల నెత్తుల మీద తలుపులు.

"మా బిల్డింగువాళ్లు," అంది ఆయాసపడుతూ. "మా ఓనరు కూడా అమ్మకానికి పెట్టాడు. వీటిని ఎక్కడ పెట్టమంటారు?"

"జరగండర్రా," అంది పిన్ని. "చోటివ్వండి."