ఎర్రబడ్డ వేళ్లు

సూచిన్ పారను మట్టిలోకి దించి ఎడమకాలితో ఒక్క తొక్కు తొక్కింది. ఊదారంగు పూలతో విరగబూసిన పచ్చిరొట్ట మొక్క వేళ్లతో సహా పైకి లేచింది. దాన్ని బకెట్లో జాడించి, ఎండకు పట్టి చూసి, పక్కన పడేసింది. వట్టి వేళ్లే. మళ్లీ పార దించింది.

బక్కపలచని మనిషి. అరవై దాటాయి. చేతివేళ్ల సందుల్లో సున్నం తినేసిన పగుళ్లు. చైనాలో శియాంగ్ నది వంపులోని ఈ మడిలో ఆమె కాపురానికి వచ్చిననాటి నుంచీ వరి నాటింది. ఎగువన జింకు కరిగించే ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ దాని మురుగే కాలువలో పారింది. వడ్లలో కాడ్మియం విషం ఉందని తేలేసరికే భర్త మూత్రపిండాలు చెడి చనిపోయాడు. ఆమెకూ పాదాలు వాస్తున్నాయి. ఫ్యాక్టరీ మూతపడ్డాక కూడా, కలియదున్నిన గడ్డి ఏడాదికైనా కుళ్లేది కాదు. యూరియా ఎంత చల్లినా వరి పాలిపోయేది. గడ్డిని కుళ్లబెట్టే, గాలిలోని నత్రజనిని పైరుకు అందించే సూక్ష్మజీవులు చాలామటుకు చచ్చిపోయాయన్నారు పరిశోధన కేంద్రం వాళ్లు. సున్నం, కంపోస్టు వేసి పచ్చిరొట్ట పెంచి చూస్తామన్నారు. సూచిన్ తన మడిలో తానే కూలికి కుదిరింది. ఈసారీ ఆ సూక్ష్మజీవులు చేరి మొక్కల వేళ్లకు బుడిపెలు కట్టకపోతే కంకర పోసి గోదాములు కట్టేస్తారు.

"వదినా, ఆ సున్నమేదో మొహానికి రాసుకునుంటే ఈపాటికి పెళ్లికూతురివయ్యేదానివి!" పక్క మడి దచెంగ్ గట్టు మీంచి అరిచాడు.

"నువ్వెక్కడ వెంటపడతావోనని మానేశాలే, పోవయ్యా!"

అంటూనే ఆగిపోయింది. చేతిలోని వేళ్ల నిండా పూసల్లాంటి బుడిపెలు. గోటితో ఒకదాన్ని చిదిమింది. లోపల చంటిపిల్ల చిగుళ్లలా ఎర్రగా ఉంది.

"మరిదీ! పరుగెత్తుకు రా! ఆ అమ్మాయినీ పిలువు!"

పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన లెయ్ యూ భూతద్దం పట్టుకుని బురదలో జారుతూ వచ్చింది. చూసి కెవ్వుమంది.

"పిన్నీ, ఎరుపే! పని చేస్తున్నాయి పిన్నీ! గాలిలోంచి నత్రజని లాగుతున్నాయి!"

ముగ్గురూ మూడు మూలలకు పరుగెత్తారు.

"ఇక్కడా ఉన్నాయి!"

"నా దగ్గర గుత్తులు గుత్తులు!"

లెయ్ యూ ఫోన్ చేసి పై అధికారితో మాట్లాడింది. "ప్రయోగం ఆపరట పిన్నీ! వచ్చే పంటకూ ఉంచుతారట. కానీ ఇక్కడి బియ్యం తినడానికి ఇంకా చాలా ఏళ్లు పడుతుంది."

"మేం తినేది తర్వాతమ్మా. ముందు మట్టిని తిననీ," అంది సూచిన్. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "మరిదీ, ఈ బూట్లు లాగు. ఇవాళ నా మట్టిలో ఉత్తకాళ్లతో నిలబడాలి."

వాచిన కాలికి పట్టేసిన రబ్బరు బూటును దచెంగ్ రెండు చేతులా లాగాడు. అది ఒక్కసారిగా ఊడడంతో బూటుతో సహా వెల్లకిలా పూలలో పడ్డాడు. లెయ్ యూ పొట్ట పట్టుకుని నవ్వింది. సూచిన్ రెండో బూటూ ఊడబీకి, పాదాలు మట్టిలోకి దించి, వేళ్లు కదిలించి, "చల్లగా ఉందిరా," అంది ఎవరితోనో.

మధ్యాహ్నం సూచిన్ పొగబెట్టిన మాంసం, మిరపకాయల కూరతో ఆకలిగా తింది. రోజూలాగే గట్టు మీద ఒరిగింది. టీ కాచి దచెంగ్ పిలిచాడు. "వదినా, లే. చల్లారిపోతుంది." మళ్లీ పిలిచాడు. లెయ్ యూ వచ్చి చెయ్యి పట్టుకుని చూసింది. నాడి అందలేదు.

పొద్దు వాలకముందే నలుగురూ వచ్చి ఆమెను ఇంటికి మోసుకుపోయారు.

పూలలో బూటు ఒకటి నోరు తెరుచుకుని పడి ఉంది. అడుగున ఆమె పరుచుకున్న వరిగడ్డి ఇంకా చెమటతో తడిగానే ఉంది.