ఫ్లాపీ కనపడే చోటు

ఫ్లాపీ పెడితే అది తెర మీద ఎక్కడ కనపడాలి? తొంభైతొమ్మిదిలో ఉదయగిరి మొత్తానికి ఈ బెంగ పట్టుకున్నవాడు ఎడ్విన్ ఒక్కడే. ఓ చిన్న ఇంగ్లీషు మీడియం స్కూల్లో కంప్యూటర్లు చూసే పని వాడిది. అక్కడే టీచరుగా ఉన్న వాళ్లక్క రూబీ మాట సాయంతో వచ్చిన పని అది. విండోస్ బదులు కొత్తగా వేసిన లినక్సులో ఫ్లాపీ ఎక్కడో లోపలి ఫోల్డరులో తేలుతోంది. అక్కడిదాకా వెతుక్కుంటూ వెళ్లే ఓపిక ఏ టీచరుకుంటుంది? అందుకని ప్రతి టీచరు తెర మీదా ‘ఫ్లాపీ’ అని ఒక ఫోల్డరు పెట్టేశాడు. ఫ్లాపీ పెట్టి, దాన్ని ఆ ఫోల్డరుకు తగిలించే ‘మౌంట్’ నొక్కితే దాన్లోవి అందులో కనపడతాయి. అందరూ మెచ్చుకున్నారు. పాపం, వాడూ మురిసిపోయాడు.

రూబీది టెంపరరీ పోస్టు. పోయిన పరీక్షలకు ప్రశ్నపత్రాలు ఆలస్యమైతే, మళ్లీ అట్లా జరిగితే వేరే టీచర్ని చూసుకుంటానని హెడ్మాస్టరు హెన్రీ సారు మొహం మీదే చెప్పేశాడు. అందుకే ఈసారి ముందుగానే టైపు చేసి, ఫ్లాపీ తీసుకుని ఆత్మకూరు ప్రెస్సుకు బస్సెక్కింది. మధ్యాహ్నం ఆఫీసుకు ఫోనొచ్చింది.

“ఒరే, ఫ్లాపీలో ఏం లేదంటా ఉండారురా! సాయంత్రం లోపల ఇయ్యకపోతే ఈ వారం కుదరదంట.”

“ఫ్లాపీ ఫోల్డర్లోనే సేవ్ చేసినావా అక్కా?”

“అందులోనే చేసినా. నువ్వు చెప్పినట్టే.”

ఎడ్విన్ కంప్యూటర్ దగ్గరికి పరిగెత్తాడు. మళ్లీ కాపీ చేద్దామని ఖాళీ ఫ్లాపీ పెట్టి మౌంట్ నొక్కాడు. ఫోల్డరులో ఒక్క పేపరూ లేదు. ఇంకో ఫ్లాపీ పెట్టాడు, అదే తంతు. అక్క ఉద్యోగం తన చేతుల్లోనే పోయేట్టుంది. ఇక లాభం లేదని మౌంట్ విప్పి, ఫ్లాపీ తీసేసి, ఊరికే ఫోల్డరు తెరిచాడు.

పేపర్లన్నీ ఉన్నాయి!

అప్పుడు వెలిగింది. ఆ స్కూల్లో ఫ్లాపీలు హెన్రీ సారు బీరువాలో తాళంలో ఉంటాయి. పనంతా అయ్యాకే వెళ్లి అడగాలి. రూబీ ఫ్లాపీ లేకుండానే ఆ ఫోల్డరులో సేవ్ చేసింది, పేపర్లు కంప్యూటర్లోనే ఉండిపోయాయి. తర్వాత ఫ్లాపీ తెచ్చి, మౌంట్ నొక్కకుండానే పెట్టి తీసి, ఎక్కిందనుకుంది. ఫ్లాపీ మౌంటయిన ప్రతిసారీ, చాప పరిస్తే కింద కాగితాలు కనపడనట్టు, అవి మరుగున పడుతున్నాయి.

పేపర్లను వేరే ఫోల్డరులోకి మార్చి, ఫ్లాపీకెక్కించి, ఒకటికి రెండుసార్లు చూసుకుని బస్సుకు పరిగెత్తాడు. గేటు దగ్గర హెన్రీ సారు ఆపాడు.

“నువ్వు పోయినాక ఫోన్లో నేనూ మాట్లాడినా. సేవ్ చేసేది మరిచిపోయినానని మీ అక్కే ఒప్పుకున్నది. నేను ముందే చెప్పినా గదా ఎడ్విన్.”

అక్క తనను కాపాడుతోంది. ఔను సార్ అంటే చాలు, తన పేరు చెడదు. రోడ్డు మీద ఆత్మకూరు బస్సు హారన్ కొడుతోంది.

“అక్క ఏమీ మరిచిపోలేదు సార్. ఫ్లాపీ లేకపోయినా ఉన్నట్టు కనపడేలాగా పెట్టింది నేను. తీసెయ్యాలంటే నన్ను తీసెయ్యండి.”

సారు జవాబు కోసం ఆగలేదు. పరిగెత్తి బస్సెక్కాడు. జేబులో ఫ్లాపీ ఉందో లేదో తడుముకుంటూనే ఆత్మకూరుదాకా పోయాడు.