కుప్పయ్య తల్లి

పుట్టిన పదకొండో రోజున పంకజాక్షి బిడ్డను ఆమె అత్త సుబ్బులమ్మ చేటలో పెట్టి, తీసుకెళ్ళి పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. పక్కింటి నాగరత్నమ్మ శేరు తవుడిచ్చి వాణ్ణి కొనుక్కుంది. కుప్పయ్య అని పేరు పెట్టారు. పంకజాక్షికి అంతకుముందు పుట్టిన ఇద్దరూ ఏడాది నిండకుండానే పోయారు మరి. ఇలా పరాయిబిడ్డగా పెంచితే చావు వాడి జోలికి రాదని పూతలపట్టులో అందరి నమ్మకం.

"ఏడాది నిండేదాకా వీడు నాగరత్న కొడుకు. నా బిడ్డ అని నోరు జారినావంటే, ముందు పోయినోళ్ళ దారే పడతాడు," అని సుబ్బులమ్మ కోడలికి గట్టిగా చెప్పింది.

పంకజాక్షి ఆ మాటకు మరికొన్ని నియమాలు సొంతంగా కలుపుకుంది. పాలిచ్చేటప్పుడు బిడ్డ ముఖం మీద కొంగు కప్పి గోడకేసి చూసేది. కడుపు నిండగానే నాగరత్నమ్మ చేతికి అప్పగించేసేది. స్నానాలూ జోలపాటలూ అన్నీ ఆవిడవే. ఎంత నిబ్బరమని ఇరుగుపొరుగు మెచ్చుకున్నారు. నిబ్బరమా పాడా! ప్రేమ పెంచుకుంటే మళ్ళీ పోగొట్టుకోవాల్సి వస్తుందన్న భయం, అంతే.

పోనీ మనసైనా కుదురుగా ఉందా అంటే అదీ లేదు. గోడ అవతల నాగరత్నమ్మ ఆడిస్తుంటే వాడు కిలకిలా నవ్వేవాడు. ఇవతల పంకజాక్షి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేది. ఆ నవ్వు వింటే ఆమెకు సంతోషమూ కలిగేది, ఒళ్ళూ మండేది.

నాలుగో నెలలో నాగరత్నమ్మ చెల్లెలి కూతురి పెళ్ళికని నగరికి వెళ్ళింది. వారం దాకా రానంది. రెండో రోజుకే బిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. వాణ్ణి చంకనేసుకుని పంకజాక్షి కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. తన చేతుల్లో ఎందుకు ఊరుకుంటాడు, ఆ చేతులు వాడికేం తెలుసని? మర్నాడు పొద్దున్నే అత్తతో చెప్పి బయల్దేరింది. చిత్తూరులో బస్సు మారి నగరి చేరి, వాణ్ణి నాగరత్నమ్మ ఒళ్ళో వేస్తే తప్ప ప్రాణం కుదుటపడేలా లేదు.

బస్సు వచ్చి ఆగింది. తలుపు దగ్గర జనం తోసుకుంటున్నారు. అందరు తల్లులూ చేసే పనే ఆమె కూడా చేసింది. కిటికీ పక్కన కూర్చున్న ముసలావిడకు బిడ్డను అందించి తలుపు వైపు పరిగెత్తింది. మెట్టు మీద కాలు పెట్టేలోపే విజిల్ పడింది. బస్సు కదిలిపోయింది.

పంకజాక్షి చెప్పులు వదిలేసి బస్సు వెంట పడింది.

"ఆపప్పా! నా బిడ్డ! నా బిడ్డ లోపల ఉండాడు, నా బిడ్డ!"

ఫర్లాంగు దూరాన బస్సు ఆగింది. ఆమె రొప్పుతూ ఎక్కేసరికి వాడు ముసలావిడ ఒళ్ళో గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఏడ్వొద్దు నాయనా, వచ్చేశానంటూ ఆమె అటు నడిచింది. ఆ గొంతు వినగానే వాడు ఏడుపాపి తల తిప్పాడు.

"నీ గొంతు వానికి తెలుసమ్మే. ఇంతసేపూ ఎవురు పలికినా ఊరుకోలే," అంది ముసలావిడ.

పంకజాక్షి బిడ్డను ఒళ్ళోకి తీసుకుని కూలబడింది. కొంగు కప్పడం మరిచి ముఖంలోకి చూసింది. ఎడమ చెవి పక్కన నల్లటి చుక్క కనిపించింది. దిష్టిచుక్క కాబోలనుకుని తుడిచింది. పోలేదు. మళ్ళీ తుడిచింది. అది పుట్టుమచ్చ. నాలుగు నెలలు పాలిచ్చిన తల్లికి ఆ సంగతి తెలియదు. ఏడుపు తన్నుకొచ్చింది.

అనకూడని మాట ఊరంతా వినేలా అనేసింది, అదీ మూడుసార్లు. వాడేమో ఆమె వేలు పట్టుకుని వదలడం లేదు.

కండక్టరు నాలుగు చీవాట్లు పెట్టి, టికెట్టు యాడికని అడిగాడు. నగరి అన్న మాట ఆమె నోటిదాకా వచ్చి ఆగిపోయింది. భయం పోయి కాదు. భయంతోనే, ఈసారి తెలిసి తెలిసి, నెమ్మదిగా చెప్పింది.

"ఈడనే దిగిపోతానప్పా. నా కొడుకును ఇంటికి ఎత్తుకోని పోతాను."