మైకు ముందు మా ఆయన

టీవీలో అవార్డు అందుకున్న హీరో, నేతన్నల కూలి పెంచమని వేదిక మీది మంత్రిని అడిగాడు.

“అవార్డు తీస్కొని దిగాలె గని గీ రాజకీయాలెందుకు?” అన్నాడు మా ఆయన గంగాధర్.

చదువుకునే రోజుల్లో కోరుట్ల కాలేజీ వార్షికోత్సవంలో ఉత్తమ నటుడిగా స్టీలు టిఫిన్ డబ్బా అందుకుని, ఆడపిల్లలకు బస్సు వేయమని ఎమ్మెల్యేను నిలదీసింది ఈయనే. మైకు తీగ పీకేసినా ఆగలేదు. ఆ గొంతు వినే పెళ్లికి ఒప్పుకున్నాను. ఇప్పుడది కూరలో కారం ఎక్కువైతేనే లేస్తుంది.

మా సిరిసిల్ల వాడ బతుకమ్మ పోటీలో నాకు బహుమతి వచ్చింది. “రేపు కౌన్సిలర్ ఇస్తడు. మోరీలు పొంగుతున్న ముచ్చట తియ్యకు” అన్నాడు.

“గా డబ్బాల ఇంకా బువ్వ తింటనే ఉన్నవు గదా, జర యాదికి తెచ్చుకో.”

మర్నాడు మైకు అందుకుని మురుగు పొంగే మోరీల పేరెత్తాను. నిర్వాహకుడు స్విచ్చు వైపు నడిచాడు. దానికి అడ్డంగా మా ఆయన నిలబడి ఉన్నాడు.